సెకండ్ హ్యాండ్ డస్టర్, టైమింగ్ బెల్టు

వేంసూరు పాఠకుడొకరు పాత డీజిల్ డస్టర్ కొన్నారు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో అమ్మినాయనకే తెలియదట. బండి బాగానే నడుస్తోంది కదా, ఇప్పుడే మార్చాలా అన్నది ఆయన సందేహం.

మార్చాలి, వెంటనే.

పాత స్విఫ్ట్ డీజిల్‌లో ఉండేది చైను. డస్టర్ 1.5 లీటర్ల డీజిల్ ఇంజిన్‌కు మాత్రం పళ్లున్న రబ్బరు బెల్టు. అది తెగితే పిస్టన్లు తెరిచి ఉన్న వాల్వులను గుద్దుతాయి, హెడ్ విప్పక తప్పదు. తెగేముందు చప్పుడు చేయాలన్న రూలేమీ లేదు!

మామూలుగా 60,000 నుంచి 1,00,000 కి.మీ. మధ్య, లేదా నాలుగైదేళ్లకు మార్పిస్తారు. కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. వారానికోసారి సత్తుపల్లి వెళ్లొచ్చే బండికి కిలోమీటర్ల కన్నా ఏళ్లే ముందు నిండుతాయి. ఆయిల్ కారి బెల్టు తడిస్తే గడువు దాకా ఆగనక్కర్లేదు. టెన్షనర్, వాటర్ పంపు కూడా అప్పుడే మార్పిస్తే రెండోసారి విప్పే లేబర్ ఖర్చు మిగులుతుంది.