ఒక్కరిమీద పడే అనేక భారములు



పఠన భాగము: అపొస్తలుల కార్యములు 6:1-6

యెరూషలేము సంఘములో ప్రతిదినము భోజనము పంచునప్పుడు కొందరికి అందలేదు. ఎవరికి? విధవరాండ్రందరికీ కాదు, హెబ్రీ విధవరాండ్రకు అందినది. గ్రీకు భాషవారిలోను మగదిక్కు ఉన్నవారి ఫిర్యాదు అక్కడ కనబడదు. భర్త లేకపోవుట, భాష వేరగుట ఒక్కరిలో కలిసినచోటనే విస్తరి ఖాళీగా ఉన్నది.

నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడను. అయినను తరగతిలో మౌనముగా కూర్చున్న ఒక తెలుగు కూలివారి అమ్మాయిని చదువు రానిదనుకొంటిని. ఆమెకు ఇంట తెలుగు, బడిలో మరాఠీ. తల్లి కూలికి వెళ్లిన దినమున చంటితమ్ముని ఆడపిల్లయే చూడవలెను. పేదరికము, పరభాష, ఆడపుట్టుక కలిసి ఆమె నోరు మూసినవి. నేను ఒక్కటియు అడుగలేదు.

న్యాయస్థానములకును ఈ చిక్కు ఎదురైనది. 2011లో ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులమునకు చెందిన, పుట్టుకతో చూపులేని యువతిపై అత్యాచారము జరిగినది. 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు నేరస్థుని యావజ్జీవ శిక్షను ఖాయపరచినది. స్త్రీ, దళితురాలు, చూపులేనిది అను మూడింటిని విడదీసి చూస్తే ఆమె బాధ అర్థము కాదని వివరించినది. అయినను ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టము క్రింది శిక్షను కొట్టివేసినది. కులము కారణముగానే నేరము జరిగినదని అప్పటి చట్టము ప్రకారము వేరుగా రుజువు కావలెను, అది లేకపోయెను. 2016 జనవరి 26 నుండి అమలైన సవరణ ప్రకారము, బాధితురాలి కులము నేరస్థునికి తెలిసియుండుట చాలును.

వలసయు ఒక భారమే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగము వలన చిన్నతనముననే బొంబాయి చేరిన విద్యార్థికి, ఆంధ్రలోని షెడ్యూల్డు తెగ గుర్తింపు మహారాష్ట్రలో చెల్లదని 1990లో సుప్రీంకోర్టు చెప్పినది. సర్ఖని నుండి ఆదిలాబాదు దూరము కాదు, అయినను కాగితమునకు సరిహద్దు ఉన్నది.

అపొస్తలులు సణుగుచున్నవారిని గద్దింపలేదు. ఏడుగురిని ఏర్పరచుకొనుమని సంఘముతో చెప్పిరి. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. బాధ తెలిసినవారి చేతికే వడ్డన అప్పగింపబడినదని నాకు తోచుచున్నది.

ఆలోచించుడి:
1. మన సంఘములో రెండు మూడు భారములు ఒక్కరిమీదనే పడినది ఎవరిమీద?
2. వారిని ఎవరైనను వెళ్లి అడిగినారా?
3. మన కమిటీలో వారికి చోటున్నదా?