అమెరికా సీటు కాగితం (ఐ-20) వచ్చింది సరే, ఈఎంఐ ఎవరు కడతారు?

"ఎలాగోలా అమెరికా పంపిస్తే చాలు సార్, ఆ తర్వాత వాడి బతుకు వాడే చూసుకుంటాడు." బూర్గంపాడు, సారపాక, భద్రాచలం వైపు బీటెక్ మూడో ఏడు పిల్లలున్న ఇళ్లలో ఎక్కువగా వినపడే మాట ఇది. ఈ మాట అనే నాన్నల మనసులో ఉండేది ఇరవై ఏళ్ల కిందట వెళ్లి ఇల్లు కొనుక్కున్న ఏ బావమరిదో, పక్కింటి వాళ్ల అల్లుడో. అతను వెళ్లినప్పుడు డాలరు 45 రూపాయల దగ్గర ఉంది. ఇప్పుడు 85 దాటింది. అప్పట్లో ఇంత పోటీ కూడా లేదు. 2023-24లో ఒక్క అమెరికాలోనే 3.31 లక్షల మంది మన దేశం పిల్లలు చదివారు, చైనాను కూడా దాటేశాం. ఆ అల్లుడి లెక్క మీ అబ్బాయికి పనికిరాదు.

నేను విదేశం వద్దనే రకం కాదు. ఏ యూనివర్సిటీ అయినా ఫర్వాలేదు, ఏ కోర్సయినా ఫర్వాలేదు, విమానం ఎక్కితే చాలు అనుకుని అప్పు చేసి పంపడం మాత్రం వద్దే వద్దంటాను.

కాగితం, పెన్ను తీసుకోండి. ఓ మోస్తరు యూనివర్సిటీలో రెండేళ్ల ఎంఎస్‌కు ఫీజు, అద్దె, తిండి, బీమా కలిపి 40 లక్షలనుకుందాం. వడ్డీ 11 శాతం. మొదటి ఏడు 20 లక్షలు, రెండో ఏడు 20 లక్షలు బ్యాంకు విడుదల చేస్తుంది. చదువు అయ్యేదాకా, ఆపైన ఇంకో ఏడాది దాకా కట్టక్కర్లేదని చెబుతారు. కట్టక్కర్లేదు గానీ, వడ్డీ మొదటి రోజు నుంచే పడుతుంది. మూడేళ్లు తిరిగేసరికి అసలుకు తోడు 11 లక్షల వడ్డీ చేరుతుంది. ఆ 51 లక్షలు పదేళ్లలో తీర్చాలంటే నెలకు 70 వేల ఈఎంఐ. అక్కడ మంచి ఉద్యోగం దొరికితే ఇదేమీ పెద్ద భారం కాదు, నాలుగైదేళ్లలో తీర్చేసిన పిల్లలూ ఉన్నారు. దొరక్క తిరిగొచ్చి హైదరాబాద్‌లో 35 వేల జీతానికి చేరితే? జీతం మొత్తం బ్యాంకుకే ఇచ్చినా సగం కూడా సరిగ్గా పూడదు. మిగతాది ఇంటి నుంచి రావాలి. మన దగ్గర జామాయిల్ కర్ర నాలుగేళ్లకోసారి కోతకొస్తుంది. ఈఎంఐ నెలనెలా వస్తుంది.

హైదరాబాద్‌లో కూర్చుని సలహాలిచ్చే వాళ్లకు తట్టని చిక్కు ఒకటి మనకుంది. మనది ఏజెన్సీ. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి భూమిని గిరిజనులకు తప్ప ఇంకెవరికీ అమ్మకూడదు. అమ్ముకోవడానికి వీల్లేని భూమిని తాకట్టుగా తీసుకోవడానికి బ్యాంకు మేనేజర్ వెనకాడతాడు. "పదెకరాలుంది కదా, లోన్ ఎందుకు రాదు" అని ధీమాగా వెళ్లిన వాళ్లు మొహం చిన్నబుచ్చుకుని తిరిగొస్తారు. ప్రభుత్వ బ్యాంకులు తాకట్టు లేకుండా మామూలుగా ఇచ్చేది 7.5 లక్షల దాకానే. అక్కడి నుంచి కథ ప్రైవేటు ఫైనాన్స్ వైపు, లేదా ఊళ్లో రెండు రూపాయల వడ్డీ వైపు తిరుగుతుంది. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. పది లక్షలకు నెలకు 20 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. చదువు కోసం రెండు రూపాయల వడ్డీకి తెచ్చే పరిస్థితి వచ్చిందంటే ఆ ప్రయాణం అక్కడితో మానుకోండి. దీనిలో నేను ఎవరితోనూ రాజీపడను.

ఇక కన్సల్టెన్సీలు. "మేం ఒక్క రూపాయి కూడా తీసుకోం" అనే బోర్డు చూసి మురిసిపోతారు. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లోని చాలా యూనివర్సిటీలు, అమెరికాలో కొన్ని, విద్యార్థిని చేర్పించిన ఏజెంట్‌కు ఫీజులో వాటా ఇస్తాయి. మీ దగ్గర తీసుకోడు, మీరు కట్టే ఫీజులోంచి తీసుకుంటాడు. అందుకే అతని జాబితాలో కమీషన్ ఇచ్చే కాలేజీలే పైన ఉంటాయి. ఫీజు లేని జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీ పేరు ఆ జాబితాలో వెతకండి, ఎందుకు కనపడదో మీకే అర్థమవుతుంది. "జీఆర్ఈ అక్కర్లేదు, బ్యాక్‌లాగ్స్ ఉన్నా ఓకే" అని గర్వంగా రాసుకున్న చోట మీ అబ్బాయి పక్కన కూర్చునేది ఎవరో ఊహించుకోండి.

అన్నిటికంటే ప్రమాదం షో మనీ. దళారులు మీ ఖాతాలో కొన్ని రోజులు డబ్బు పెట్టి, కమీషన్ తీసుకుని, వీసా అయ్యాక వెనక్కి లాక్కుంటారు. దొంగ కాగితమని కాన్సులేట్‌లో తేలితే ఆ ఒక్కసారికి వీసా పోవడంతో ఆగదు. తప్పుడు సమాచారం ఇచ్చాడన్న ముద్ర అమెరికా రికార్డుల్లో జీవితాంతం ఉండిపోతుంది. కంపెనీ పంపుతానన్నా, పెళ్లయి భార్య అక్కడున్నా, ఆ ముద్రే అడ్డం పడుతుంది. ఇరవై రెండేళ్ల పిల్లాడి నెత్తిన ఇది పెట్టేది వాడు కాదు, పెద్దవాళ్లే.

మన తెలుగు పిల్లలు దెబ్బతిన్న చరిత్ర కొత్తది కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద అక్కడి అధికారులు దాడి చేసినప్పుడు ఇరుక్కున్న వాళ్లలో ఎక్కువ మంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించారు. ఆ టీవీ దృశ్యాలు మర్చిపోయే లోపే 2019లో మిషిగాన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అది అసలు యూనివర్సిటీయే కాదు, అక్కడి ప్రభుత్వమే వల పన్ని నడిపిన బోగస్ సంస్థ. క్లాసులు లేకుండా వర్క్ పర్మిట్ వస్తుందని ఆశపడి చేరిన వందల మందిలో మన వాళ్లు బోలెడు మంది. వాళ్లను చేర్పించి కమీషన్ తిన్న దళారుల్లోనూ తెలుగువాళ్లున్నారు.

"ఏదో పార్ట్‌టైమ్ చేసుకుని ఖర్చులు వెళ్లదీసుకుంటాడులే" అనే భరోసా ఒకటి. అమెరికాలో చదువు రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల పనికే అనుమతి. బయట గ్యాస్ స్టేషన్‌లోనో హోటల్లోనో నగదుకు చేసేది చట్ట విరుద్ధం, పట్టుబడితే చదువూ పోతుంది. ఆ తర్వాత హెచ్-1బీ ఉద్యోగ వీసా. ఏడాదికి కొత్తవి 85 వేల వీసాలే, అదీ లాటరీ. 2025 సెప్టెంబర్‌లో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు అని రెండు రోజుల వ్యవధిలో అమలుకు తెచ్చారు. అక్కడే చదువుకుని వీసా మార్చుకునే వాళ్లకు ఆ తర్వాత మినహాయింపు అన్నారు. రేపు ఏమంటారో ఎవరికెరుక? పదేళ్ల అప్పును ఇలాంటి నిబంధన మీద ఆనించడం తెలివైన పని కాదు.

మొన్నామధ్య ఓ అబ్బాయి నాన్నతో కలిసి నా దగ్గరకు వచ్చాడు. నాన్న మాట్లాడినంత సేపూ ఫైలు అంచు గోకుతూ కూర్చున్నాడు. చదివింది సివిల్. కన్సల్టెన్సీ వాళ్లు డేటా అనలిటిక్స్‌కు అప్లై చేయించారు. ఎందుకయ్యా అంటే, "ఓపీటీ మూడేళ్లు వస్తుందట సార్" అన్నాడు. చదువయ్యాక అక్కడ పనిచేసే ఆ అనుమతి సివిల్ ఇంజనీరింగ్‌కూ వస్తుంది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నీకేం ఇష్టం అని అడిగితే నాన్న వైపు చూశాడు. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో "మావాడు ఫాల్‌కి అమెరికా వెళ్తున్నాడు" అని ముందే చాటింపు వేసేస్తారు. వీసా రాకపోతే పిల్లాడు ఊళ్లో మొహం చూపించలేడు. పరువు మీది, పరీక్ష వాడిది. ఇదేం న్యాయం?

సరే, ఇక్కడేం ఉంది అంటారు. సారపాకలో 1979 నుంచి నడుస్తున్న పేపర్ మిల్లు, అశ్వాపురంలో భారజల కర్మాగారం, పాల్వంచలో కేటీపీఎస్ థర్మల్ కేంద్రం, మణుగూరులో 1080 మెగావాట్ల విద్యుత్ కేంద్రం, కొత్తగూడెం నుంచి నడిచే సింగరేణి. గంటన్నర ప్రయాణంలో ఇన్ని పరిశ్రమలున్న మండలాలు రాష్ట్రంలో తక్కువ. పక్కనున్నాయి కాబట్టి పర్మినెంట్ ఉద్యోగం వచ్చేస్తుందని నేను చెప్పను. చాలా పని కాంట్రాక్టు మీదే సాగుతుంది, నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రావు. కానీ అప్రెంటిస్‌గా ఒక ఏడాది బాయిలర్ దగ్గరో, కంట్రోల్ రూమ్‌లోనో నిలబడ్డ డిప్లొమా కుర్రాడికి ఉన్న పనితనం, ఎంఎస్ చేసి ఏ ఉద్యోగమూ చేయని వాడికి ఉండదు. కాగితం తయారీ చూస్తూ పెరిగిన సారపాక పిల్లల్లో ఐఐటీ రూర్కీకి సహారన్‌పూర్‌లో పేపర్, ప్యాకేజింగ్ టెక్నాలజీ విభాగం ఉందని తెలిసిన వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కొత్తగూడెం మైనింగ్ కాలేజీ 2025లో మన్మోహన్ సింగ్ పేరిట ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. ఆ సీటు వదులుకుని ఎక్కడో పేరు తెలియని కాలేజీలో కంప్యూటర్ సైన్స్‌కు డొనేషన్ కట్టే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నాకు నచ్చిన దారి ఇది. ఇక్కడ డిగ్రీ, గేట్ రాసి మంచి చోట ఎంటెక్. గేట్ స్కోరుతో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్, అంటే రెండేళ్లకు దాదాపు మూడు లక్షలు వాళ్లే ఇస్తారు. రెండు మూడేళ్లు ఉద్యోగం. ఆ తర్వాత వెళ్లాలనిపిస్తే కంపెనీ తరఫునో, ఖర్చులు యూనివర్సిటీయే భరించే పీహెచ్‌డీకో వెళ్లొచ్చు. మైనింగ్ వాళ్లయితే ముందు గని మేనేజర్ సర్టిఫికెట్ తెచ్చుకోండి, ఆస్ట్రేలియా, ఆఫ్రికా గనులు ఎక్కడికీ పోవు. జర్మనీ ఆలోచన మంచిదే, ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. కానీ ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి, జర్మన్ నేర్చుకోకుండా అక్కడ ఉద్యోగం కష్టం. నర్సింగ్ చదివిన ఆడపిల్లలకు టామ్‌కామ్ ద్వారా జర్మనీ, జపాన్ దారి ఉంది. అది ప్రభుత్వ సంస్థ, భాషా నేర్పిస్తుంది. విదేశం వెళ్లే దారుల్లో నాకు బాగా ఇష్టమైనది అదే.

గిరిజన పిల్లలకు తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి ఉంది: డిగ్రీలో 60 శాతం, 35 ఏళ్ల లోపు వయసు, 5 లక్షల లోపు ఆదాయం, సాయం 20 లక్షల దాకా. కుక్కునూరు, వేలేరుపాడు వాళ్లు 2014 నుంచి ఆంధ్రలో ఉన్నారు కాబట్టి వాళ్లు ఆ రాష్ట్రం నిబంధనలే చూసుకోవాలి. ఈ విద్యానిధిలో మెలిక ఏమిటంటే, మొదటి విడత అక్కడ దిగినట్టు కాగితం చూపించాకే వస్తుంది, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత. అంటే టికెట్, మొదటి ఫీజు, డిపాజిట్ ముందుగా మీ చేతి నుంచే పోవాలి. ఈ సంగతి తెలియక చివరి నెలలో అప్పుల కోసం పరుగెత్తిన కుటుంబాలున్నాయి. భద్రాచలం ఐటీడీఏ ఆఫీసులో ముందే అడగండి. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ స్కాలర్‌షిప్ కూడా ఉంది గానీ, దేశం మొత్తానికి ఏటా 20 సీట్లే.

విదేశీ ఎంబీబీఎస్ గురించి ఒక్క మాట. తిరిగొచ్చాక రాసే అర్హత పరీక్ష ఎఫ్ఎంజీఈలో చాలా విడతల్లో పాసయ్యేది నాలుగో వంతుకు అటూ ఇటూ. మీ అమ్మాయి ఆ నాలుగో వంతులో ఉంటుందని ఏజెంట్ బాండ్ పేపర్ మీద రాసిస్తాడేమో అడిగి చూడండి.

ఇప్పటికే వెళ్లి, ఉద్యోగం దొరక్క తిరిగొచ్చిన పిల్లలు మన వైపు ఉన్నారు. ఊళ్లోకి రారు. అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటారు, ఇంట్లో వాళ్లు మాత్రం ఇంకా అమెరికాలోనే ఉన్నాడని చెబుతుంటారు. అలాంటి వాళ్లు ముందు చేయాల్సింది బ్యాంకుకు వెళ్లడం. వాయిదా తప్పక ముందే మేనేజర్‌ను కలిసి, గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని రాతపూర్వకంగా అడగాలి. వరసగా మూడు నెలలు కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది, అప్పుడు అడిగే దారులు చాలావరకు మూసుకుపోతాయి. సహ రుణగ్రహీతగా సంతకం పెట్టింది నాన్న కాబట్టి సిబిల్ స్కోరు ఆయనదీ పడిపోతుంది, వచ్చే వానాకాలం పంట రుణం దగ్గర అది అడ్డొస్తుంది. ఊళ్లో ఏమని చెప్పాలో తర్వాత ఆలోచించుకోవచ్చు, ఈ నెల వాయిదా తేదీ లోపు బ్యాంకుకు వెళ్లి రండి.