అంతర్జాలంలో చదరంగం: మా తరగతి నేర్చిన పాఠాలు

ఆట అనగానే పెద్దలు కనుబొమలు ముడివేయడం సహజం. అయినా మన అరుగుల మీద సాగిన ఆటలన్నీ కేవలం కాలక్షేపాలు కావు. వామనగుంటల పీటలో వరుసకు ఏడు చొప్పున 14 గుంటలుంటాయి. చింతగింజలు పంచుతూ పోయే పిల్లవానికి లెక్క తెలియకుండానే అబ్బుతుంది. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, బోర్లా పడితే ఎనిమిది. ఇక పందెం విషయంలోను, కాయను చంపే విషయంలోను ఊరికొక నియమం. అందుచేత గవ్వ వేయకముందే ఆడేవారు నియమాలను మాటలాడుకొని ఒప్పుకుంటారు. ఈ ఒప్పుదలే ఆట నేర్పే మొదటి పాఠమని మేము భావిస్తాము.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ ఆరంభమైనప్పుడు మా విద్యార్థులు తమ తమ ఇళ్లకు చేరినారు. కొందరు పట్టణాలకు వెళ్లగా, మరికొందరు సీతంపేట కొండలలోని సవర, జాతాపు గూడేలకు వెళ్లినారు. (నాడు సీతంపేట శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది.) పాఠాలు సెల్‌ఫోనులోకి వచ్చినవి. వాటి వెనుకనే ఆటలూ వచ్చినవి. మొదట లూడో. మన పచ్చీసును ఆంగ్లేయులు మార్చుకొన్న రూపమే అది. పాచిక ఎటు పడితే అటు నడిచే ఆట గనుక దానిని గురించి విస్తరించి చెప్పవలసినది లేదు. పిల్లలు ఆడినదానికన్నా మాటలాడుకొన్నదే ఎక్కువ. ఆ దినాలలో అదీ మేలే.

తరువాత కొందరు చదరంగానికి మారినారు. ఉర్దూ విద్యార్థులు 'పియాదా' అంటే తెలుగువారు 'బంటు' అనేవారు. 'వజీర్' అంటే 'మంత్రి' అనేవారు. మన చతురంగమే పారశీక, అరబ్బీ దేశాలు తిరిగి శత్‌రంజ్‌గా ఉర్దూలో నిలిచినది కనుక, ఇరువురూ ఒకే ఇంటి మాటలు ఆడుకొన్నట్లే.

చిక్కు గడియారంతో వచ్చినది. ఆటగానికి పది నిమిషాలు. కొండల నడుమ ఉన్న విద్యార్థికి సిగ్నలు అందేది గూడెం దాటి మెట్ట ఎక్కితేనే. నడిమధ్యలో సిగ్నలు పోతే అతని గడియారం నడుస్తూనే ఉంటుంది. కాలం ముగియగానే యంత్రం అతడు ఓడినాడని ప్రకటిస్తుంది. ఎత్తులు చూస్తే అతనిదే పైచేయి కావచ్చు. యంత్రానికి దానితో పని లేదు. అరుగు మీద ఎదుటివాడు వానకు తడవకుండా లోపలికి పరుగెత్తితే మనం కాయలను కదపక కూర్చుంటామే గాని గెలిచినామని కేక వేయము గదా!

ఇది మా తరగతి చిక్కు మాత్రమే కాదు. ఆ సంవత్సరమే ప్రపంచ చదరంగ సమాఖ్య ఒలింపియాడ్‌ను అంతర్జాలంలో నిర్వహించినది. భారత జట్టులో మన తెలుగువారు కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉన్నారు. క్వార్టర్ ఫైనల్లో ఒక ఆర్మేనియా ఆటగానికి సంబంధం తెగిపోగా ఓటమిగానే లెక్కించినారు. వారి అభ్యర్థన తోసివేయబడినది. ఆ దేశం నిరసనగా రెండవ దఫా ఆడకుండా తప్పుకొన్నది. సెమీఫైనల్లో చివరి నిర్ణయాత్మకమైన ఆటలో హంపి పోలెండు క్రీడాకారిణిని ఓడించి జట్టును ఫైనల్‌కు చేర్చినది. ఆగస్టు 30న రష్యాతో ఫైనల్. మొదటి దఫా 3-3తో సమం. రెండవ దఫాలో, అనేక దేశాలలో అంతర్జాలం స్తంభించిన వేళ, మన యువ క్రీడాకారులు ఇద్దరికి సంబంధం తెగినది. మొదట రష్యాకే విజయమన్నారు. భారత్ విన్నవించుకొనగా ఇరు జట్లకూ స్వర్ణం ప్రకటించినారు. స్వర్ణానికి మనమందరం సంతోషించినాము. కాని రెండు రోజుల ముందు ఆర్మేనియావారి అభ్యర్థన ఏమైనదో కూడ విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. తెగినది ఎవరి తీగ అన్నదానిని బట్టి న్యాయం మారరాదు.

మా తరగతికి దొరికిన ఉపాయం పాతదే. పూర్వం చదరంగ ప్రియులు పోస్టుకార్డు మీద ఒక్కొక్క ఎత్తు వ్రాసి పంపుకొనేవారు. 2010లో ఆరంభమైన లీచెస్ అనే ఉచిత వేదికలో ఈ పద్ధతి నేటికీ ఉన్నది. ఒక్కొక్క ఎత్తుకు ఒకటి మొదలు 14 రోజుల వరకు గడువు పెట్టుకొనవచ్చును. విద్యార్థులు మూడు రోజుల గడువుకు ఒప్పుకొన్నారు. కొండమీది కుర్రవాడు పగలంతా జీడిపిక్కలు ఏరి, సాయంకాలం మెట్ట ఎక్కి, ఒక్క ఎత్తు వేసి దిగివచ్చేవాడు. దారి పొడవునా ఆలోచన సాగేది. పది నిమిషాల ఆటలలో తడబడినవాడు ఇక్కడ పట్టణపు మిత్రులకు సమ ఉజ్జీ అయినాడు. వేగాన్నే మనం తెలివి అనుకొంటున్నామేమో అన్న అనుమానం మాకు అప్పుడు కలిగినది.

ఈ పద్ధతిలో ఒక ప్రలోభం లేకపోలేదు. మూడు రోజుల వ్యవధిలో కంప్యూటరును అడిగి ఎత్తు వేయడం సులభం, చూచేవారెవరూ ఉండరు. దానికి మేము కాపలా పెట్టలేదు. ఆట ముగిసిన తరువాత ప్రతి ఎత్తుకూ కారణం చెప్పుమన్నాము. స్వంతంగా ఆలోచించినవాడు తప్పు ఎత్తుకైనా కారణం చెప్పగలడు. అరువు ఎత్తు వేసినవాడు మంచి ఎత్తు ముందు నిలిచి నీళ్లు నములుతాడు.

కళాశాల కమిటీవారికి ఒక్క విన్నపం. ఆటలో సవరించుకొన్న ఈ గడియారం ఆ కాలపు పాఠాలలో అలాగే ఉండిపోయినది. ఉదయం పది గంటలకు ఫోనులో కనిపించనివాడు గైర్హాజరు. అతడు మెట్ట మీద నిలుచున్నాడో, నిద్రపోతున్నాడో ఆ జాబితా చెప్పదు. మున్ముందు ఏ కారణం చేతనైనా పాఠాలు ఫోనులోకి పోవలసివస్తే, పాఠాన్ని ముద్రించి ఉంచి, మూడు రోజులలోగా ప్రశ్నలకు సమాధానం పంపినవారికి హాజరు వేయవలెనని కోరుతున్నాము. ఇక గ్రంథాలయంలో నాలుగు చదరంగపు పలకలు కొని ఉంచితే, ఫోను లేని విద్యార్థులు కూడ వచ్చే పోటీలలో పేర్లు ఇవ్వగలరు.