ముళబాగిలు నుంచి కైవారం దాకా: ముద్ర, ఉగాభోగం, సూళాది

కోలారు జిల్లా ముళబాగిలులో బృందావనమున్న శ్రీపాదరాజులు 15వ శతాబ్దంలో హరిదాస సాహిత్యానికి తొలి బాటలు వేసిన వారిలో ఒకరు కాగా, ఆయన పదాల్లో కనిపించే ‘రంగవిఠల’ అనేది ముద్ర, అనగా రచయితను గుర్తుపట్టించే సంతకం. కన్నడ దాసులు దీనినే అంకితం అంటారు. తాళబంధం లేకుండా రాగంలో స్వేచ్ఛగా పాడేది ఉగాభోగం కాగా, ఒకే రచనలో సాధారణంగా ఖండం మారిన కొద్దీ తాళమూ మారేది సూళాది. పరీక్షల్లో అభ్యర్థులు తారుమారు చేసే అవకాశమున్నది ఈ రెండింటినే. ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక అనేవి సూళాది సప్తతాళాలు. తాళంలో ఒక అంగమైన లఘువుకు 3, 4, 5, 7, 9 అక్షరాల చొప్పున ఐదు జాతులున్నందున మొత్తం 35 తాళాలవుతాయి. ముద్రకు మరో ఉదాహరణ: తెలుగు, కన్నడాల్లో కీర్తనలు రచించిన కైవార తాతయ్య ముద్ర ‘అమర నారేయణ’. 2007 వరకు కోలారు జిల్లాలోనే ఉన్న కైవారం ఇప్పుడు చిక్కబళ్లాపురం జిల్లాలోనిది.