దెబ్బ మన కర్మ కాదు, మాన్పడం మన ధమ్మం



తెనాలి స్టేషన్‌లో నిలబడితే దక్షిణానికి రెండు రైలు దారులు చీలతాయి. ఒకటి రేపల్లె పోతుంది. ఆ దారిలో భట్టిప్రోలు వస్తుంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో తవ్వించినప్పుడు బుద్ధుడి ధాతువులు దాచిన రాతి కరండాలు బయటపడ్డాయి. రెండో దారి బాపట్ల పోతుంది. ఆ దారిలో చుండూరు వస్తుంది. అక్కడ ఊరి నడిబొడ్డున రక్తక్షేత్రం ఉంది. ఒక దారిలో బుద్ధుడి గుర్తు, ఇంకో దారిలో మన గాయం గుర్తు. ఈ రెండింటినీ కలిపి చూడడమే ఈ పాఠం.

మనలో చాలామంది దీక్ష తీసుకున్నాం, పంచశీలాలు చెబుతాం, జయంతులు చేస్తాం. కానీ మన పక్కింట్లో రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచే మనిషికి ఏం చెప్పాలో, ఎలా తోడుండాలో మనకు ఎవరూ నేర్పలేదు. ఈసారి అది నేర్చుకుందాం.

1. ఏం జరిగింది

కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు దళితులను చంపారు. గొడవ మొదలైంది తాగే నీళ్ల దగ్గర. బతికినవాళ్లు చీరాల వచ్చి శిబిరంలో ఉన్నారు.

ఆరేళ్లకు చుండూరు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాటతో రేగిన గొడవ, దళితులను పనుల్లోకి పిలవకుండా వెలివేసే దాకా పోయింది. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని పొలాల్లో తరిమి తరిమి చంపారు. శవాలను గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. పల్లె మొత్తం తెనాలి వచ్చి సాల్వేషన్ ఆర్మీ ప్రాంగణంలో తలదాచుకుంది. సెప్టెంబరులో పోలీసు కాల్పుల్లో మరో యువకుడు చనిపోయాడు. చనిపోయినవాళ్లను ఊరి చివర ఎక్కడో కాకుండా, నలుగురూ తిరిగే చోటే పూడ్చారు. అదే రక్తక్షేత్రం.

చంపినవాళ్ల లెక్క కోర్టులు చూస్తాయి. చనిపోయినవాళ్ల లెక్క రాతిమీద ఉంది. మరి బతికినవాళ్ల లోపల ఏం మిగిలింది? ఆ లెక్క ఎవరూ రాయలేదు.

2. మనసుకు దెబ్బ తగిలితే ఎలా ఉంటుంది

కాలు విరిగితే కట్టు కనబడుతుంది. మనసు విరిగితే కనబడదు. కానీ గుర్తులుంటాయి. మోటారు సైకిలు పెద్ద చప్పుడు చేస్తే గుండె దడదడలాడుతుంది. జరిగింది పదేపదే కళ్ల ముందుకొస్తుంది, పీడకలలొస్తాయి. ఆ వీధి గుండా పోవాలంటే కాళ్లు రావు. కొందరికి కోపం ముక్కుమీదే ఉంటుంది. కొందరు మాట మానేస్తారు. కొందరు తాగుడులో పడతారు. "నేను బతికి వాడెందుకు పోయాడు" అని లోపల్లోపల తినేసుకుంటారు.

దెబ్బ తగిలిన మొదటి వారాల్లో ఇవన్నీ మామూలే. ప్రమాదం నుంచి తప్పించుకోడానికి ఒళ్లు మోగించిన గంట ఇంకా ఆగలేదన్నమాట. చాలామందికి తోడు దొరికితే, భద్రత దొరికితే, మెల్లగా ఆ గంట ఆగుతుంది. నెల దాటినా ఆగకపోతే, పని చేసుకోలేకపోతే, డాక్టరుకు చూపించాలి. ఇది పిచ్చి కాదు, దయ్యం కాదు, పిరికితనం అంతకన్నా కాదు.

బాబాసాహెబ్‌నే చూడండి. 1917లో బరోడాలో ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఉండడానికి ఇల్లు దొరక్క ఒక పార్సీ సత్రంలో దిగారు. కులం తెలిసి కర్రలు పట్టుకున్న మనుషులు వచ్చి గెంటేశారు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ సంగతి రాస్తూ, అది తలచుకుంటే ఇప్పటికీ కళ్లనీళ్లు ఆగవని ఒప్పుకున్నారు. అంత చదివినవాడు, అంత పోరాడినవాడు ఏడ్చానని రాశాడంటే, మన పల్లెలో ఏడ్చే అన్నను "మగాడివై ఏడుస్తావేంట్రా" అనడానికి మనమెవరం?

3. ఇది కర్మ కాదు

మనవాళ్లకు తరతరాలుగా చెప్పిన మాట ఒకటుంది: పోయిన జన్మలో చేసుకున్నది అనుభవిస్తున్నారని. దీక్ష తీసుకున్నాక కూడా ఈ మాట మన నోటి నుంచి పోలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర కూర్చుని "నీ రాత అంతేనమ్మా" అంటాం.

బుద్ధుడు ఈ మాట ఒప్పుకోలేదు. రాజగృహలో వేణువనంలో ఉన్నప్పుడు సీవకుడనే పరివ్రాజకుడు వచ్చి అడిగాడు. మనిషి పడే ప్రతి సుఖం, ప్రతి బాధ పూర్వం చేసినదానివల్లే అని కొందరంటున్నారు, మీరేమంటారు అని. బుద్ధుడు కారణాలు ఎనిమిది లెక్కపెట్టాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, ఋతువుల మార్పు, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, పైనుంచి పడ్డ దెబ్బ, చివరికి కర్మ. అన్నీ పూర్వకర్మే అనేవాళ్లు ప్రపంచం కళ్లారా చూసేదాన్ని దాటిపోయి మాట్లాడుతున్నారని చెప్పాడు. ఇది సంయుత్త నికాయంలో ఉంది.

ఏడోది చూశారా? పైనుంచి పడ్డ దెబ్బ. గొడ్డలి పట్టుకున్నవాడు పట్టుకున్నాడు, అందుకే తగిలింది. తగిలినవాడి పాపం అందులో లేదు. బాబాసాహెబ్ కూడా తన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో పేదరికాన్ని, అణచివేతను పూర్వజన్మ ఖాతాలో వేసే సిద్ధాంతాన్ని తోసిపుచ్చారు. కాబట్టి ఓదార్చబోయిన ప్రతిసారీ "కర్మ" అనే మాట నాలుక మీదికి వస్తే మింగేయండి. "ఇది నీ తప్పు కాదమ్మా" అనండి. ఆ ఒక్క మాట సగం మందు.

4. రెండో బాణం

సల్లత్త సుత్తంలో బుద్ధుడు రెండు బాణాల పోలిక చెప్పాడు. ఒంటికి తగిలిన బాధ మొదటి బాణం. దానిమీద మనసు పెట్టుకునే కుమిలిపాటు రెండో బాణం. ధమ్మం తెలిసినవాడికి మొదటిది తగులుతుంది గానీ రెండోది తగలదని.

ఇక్కడ మనం జాగ్రత్తగా ఆలోచించాలి. కొందరు ఈ పోలిక పట్టుకుని "మీ బాధంతా మీ మనసులోనే ఉంది" అని బాధితుడికే నీతి చెబుతారు. అది ధమ్మం కాదు. మొదటి బాణం వేసినవాడున్నాడు. వాణ్ని ఆపడం చట్టం పని, మన సంఘటిత బలం పని. ఇక రెండో బాణం కూడా చాలాసార్లు బాధితుడు తనకు తాను వేసుకున్నది కాదు, చుట్టూ ఉన్నవాళ్లు వేసేది. "వీళ్లేదో చేసుంటార్లే", "ఆ టైములో అక్కడికెందుకెళ్లింది", "ఇంకా ఎన్నాళ్లు పట్టుకుని వేలాడతారు". ఈ మాటలే రెండో బాణాలు. సంఘం మొదట చేయాల్సింది ఆ బాణాలు వేయడం మానేయడం, వేసేవాళ్లను ఆపడం.

5. పటాచార దగ్గర నేర్చుకోవాల్సింది

మన తీరం వాళ్లకు 1977 నవంబరు 19 చెప్పక్కర్లేదు. ఆ ఉప్పెనలో దివిసీమ, రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల వైపు ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. అధికారిక లెక్కే పది వేల దాకా. ఒక్క రాత్రిలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్నవాళ్లు మన మధ్యే ముసలివాళ్లయ్యారు.

పటాచార కథ అలాంటిదే. తుఫాను రాత్రి భర్త పాముకాటుకు పోయాడు. మర్నాడు ఏరు దాటుతుంటే పసిగుడ్డును డేగ తన్నుకుపోయింది, పెద్దవాడు నీళ్లలో కొట్టుకుపోయాడు. పుట్టింటికి పోదామంటే అదే గాలివానకు ఇల్లు కూలి తల్లీ తండ్రీ అన్నా చనిపోయారు. ఆమెకు మతి తప్పింది. ఒంటిమీద బట్ట లేకుండా శ్రావస్తి వీధుల్లో తిరుగుతుంటే జనం మట్టి విసిరి తరిమారు.

జేతవనంలో బుద్ధుడి దగ్గరికి వస్తుంటే అక్కడున్నవాళ్లు అడ్డుపడబోయారు. బుద్ధుడు రానివ్వమన్నాడు. చెల్లీ అని పిలిచాడు, స్పృహలోకి రమ్మన్నాడు. ఎవరో ఒకతను తన పైబట్ట ఆమెమీద వేశాడు. ఆమె తన కథ చెప్పుకుంది, బుద్ధుడు విన్నాడు. ఉపదేశం ఆ తర్వాతే.

వరస గమనించండి. మొదట అడ్డు తీయడం. రెండోది వరస పెట్టి పిలిచి మనిషిగా గుర్తించడం. మూడోది బట్ట కప్పడం, అంటే మర్యాద, భద్రత. నాలుగోది వినడం. ఐదోది ధమ్మం. మనం ఐదోదాంతో మొదలుపెడతాం, అందుకే మన మాట ఎక్కదు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపదలో ఉన్నవాళ్లకు చేసే మొదటి మానసిక సాయం గురించి చెప్పేది కూడా దాదాపు ఇదే: చూడు, విను, కావాల్సిన సాయంతో కలుపు.

పటాచార తర్వాత భిక్షుణి అయింది. కాళ్లు కడుక్కుంటూ నీళ్లు పారి ఇంకిపోవడం చూస్తూ మనసు నిలుపుకుంది. బిడ్డలు పోయి ఏడ్చే ఎందరో తల్లులకు ఆమే దారి చూపిందని థేరీగాథ చెబుతోంది. మానిన మనిషి మాన్పే మనిషయ్యింది.

6. మనం చేయాల్సిన పనులు

దాడి జరిగినా, ఆత్మహత్య జరిగినా, తుఫాను వచ్చినా ముందు అన్నం, నీళ్లు, పడుకునే చోటు, ఆడవాళ్లకు చాటు చూడండి. ఒక్కరినీ ఒంటరిగా వదలొద్దు.

ఏం జరిగిందో చెప్పమని పీకొద్దు. చెబితే వినండి, చెప్పకపోతే పక్కన కూర్చోండి. పదిమంది ముందు నిలబెట్టి మళ్లీ మళ్లీ చెప్పించడం, ఫోన్లో వీడియో తీయడం గాయాన్ని కెలకడమే. సాక్ష్యం కోసం కావాలంటే నమ్మకమైన ఒక్కరు కూర్చుని, తేదీ వేసి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. దెబ్బ తగిలిన మనిషికి సంగతులు ముక్కలు ముక్కలుగా గుర్తొస్తాయి, వరస తప్పుతాయి. అది అబద్ధం కాదు.

పిల్లలను తొందరగా బడికి పంపండి. పెద్దవాళ్లకు చిన్న పనైనా అప్పజెప్పండి. రోజుకో వరస ఏర్పడితే మనసుకు కాలు మోపే నేల దొరుకుతుంది.

ధ్యానం విషయంలో జాగ్రత్త. కళ్లు మూసుకుని గంటసేపు కూర్చోమంటే కొందరికి ఆ దృశ్యాలే ముంచుకొస్తాయి. బలవంతం చేయొద్దు. కళ్లు తెరిచే ఉండనివ్వండి. పాదాలు నేలకు తగలడం చూడమనండి, మూడు నాలుగు శ్వాసలు చాలు. నడుస్తూ చేసినా ధ్యానమే. కాళ్లు కడుక్కుంటూ పటాచార చేసింది అదే కదా.

నిద్ర లేక, చావు మాటలు మాట్లాడుతుంటే తేలిగ్గా తీసుకోవద్దు. టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, ఇరవై నాలుగ్గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. గుంటూరు జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. తోడుగా ఒకరు వెళ్లండి. మందులు వాడడం ధమ్మానికి విరుద్ధం కాదు. రోగిని చూసుకోవడం నన్ను చూసుకోవడంతో సమానమని బుద్ధుడే భిక్షువులకు చెప్పాడు.

7. న్యాయం కూడా మందే

చుండూరు వాళ్లు కోర్టు తమ ఊళ్లోనే పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. 2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అదే ఏడాది సుప్రీంకోర్టు ఆ తీర్పుమీద స్టే ఇచ్చింది. పదహారేళ్లు ఎదురుచూసి గెలిచినవాళ్లకు ఏడేళ్లలో మళ్లీ అదే దెబ్బ.

దీన్నిబట్టి రెండు సంగతులు. ఒకటి, న్యాయం కోసం కొట్లాట ఆపకూడదు. "మర్చిపోండి, శాంతంగా ఉండండి" అనడం మైత్రి కాదు. అట్రాసిటీ చట్టంలో 15ఏ సెక్షన్ కింద బాధితులకూ సాక్షులకూ రక్షణ, ప్రయాణ ఖర్చులు, పునరావాసం హక్కు. నిందితుడు బెయిలు అడిగితే మనకు తెలియజేయాలి. ఉచిత న్యాయ సహాయానికి 15100 ఉంది. రెండోది, మనసు మానడాన్ని తీర్పు వచ్చే రోజుకు తాకట్టు పెట్టకూడదు. తీర్పు ఎటు వచ్చినా ఆ రాత్రి ఆ ఇంట్లో మనం ఉండాలి. గెలుపు సభకు వెయ్యిమంది వస్తారు. ఓడిన రాత్రి వచ్చే నలుగురే సంఘం.

సాయం చేసేవాళ్లూ అలిసిపోతారు. విన్న దుఃఖం మన ఒంట్లోనూ చేరుతుంది. వంతులు వేసుకోండి, మీరూ ఎవరితోనైనా చెప్పుకోండి.

భట్టిప్రోలు కరండాల మీద ఒక్క రాజు పేరే లేదు. గోష్ఠిగా కూడినవాళ్ల పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. విలువైనదాన్ని పదిమంది కలిసి భద్రం చేశారు. చెదిరిన మనిషిని నిలబెట్టడం కూడా అలాంటి పనే. ఒక్కరి వల్ల కాదు.

ఈ వారం సాధన: మీ పల్లెలో దెబ్బతిని మౌనంగా ఉన్న ఒక్క మనిషి దగ్గరికి వెళ్లండి. ఉపదేశం వద్దు. టీ తాగి, ఉన్నంతసేపు ఉండి రండి. మళ్లీ వారం మళ్లీ వెళ్లండి.

కూర్చుని మాట్లాడుకోవడానికి:
1. మన ఇళ్లలో ఓదార్పు పేరుతో వాడే ఏ మాటలు రెండో బాణాలు?
2. పటాచారకు బట్ట కప్పినతను చేసిన పని మన ఊళ్లో ఎవరు చేస్తున్నారు?
3. ఆగస్టు 6న రక్తక్షేత్రం దగ్గర పూలు పెట్టడంతో పాటు, బతికినవాళ్ల కోసం ఏం చేయగలం?

భవతు సబ్బ మంగళం. జై భీమ్.