చిరు వ్యాపారము, ప్రభుత్వము, ప్రైవేటు రంగము: లాడ్ బజారు చెప్పు పాఠము

చార్మినారునకు పడమటి దిక్కున గల లాడ్ బజారును ఎరుగని హైదరాబాదువాసి ఉండడు. ‘లాడ్’ అనగా గారాబము, దాని నుండియే ఈ పేరు వచ్చినదని కొందరందురు. కాదు, లక్కకు ఉర్దూలో గల ‘లాఖ్’ అను మాటయే ఇట్లు మారినదని మరికొందరందురు. ఏది నిజమైనను, ఆ వీధి పేరు వినగానే మన కండ్ల ముందు మెరయునవి గాజులే. అయితే ఆ మెరుపు పుట్టుచోటు బజారు కాదు. వెనుక సందులలో, ఇరుకు గదులలో, బొగ్గు కుంపటిపై లక్కను కాచి, రంగు కలిపి, ముద్దను కడ్డీగా సాగదీసి, గుండ్రముగా వంచు కారీగరులు కలరు. లక్క మెత్తగా నుండగనే ఒక్కొక్క రాయిని పొదుగు స్త్రీలు కలరు. 2024 మార్చిలో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. మేము ఆ వార్తను తరగతిలో చదివి వినిపించినప్పుడు ఒక విద్యార్థిని లేచి, “సార్, దీనివల్ల మా అమ్మకు డజనుకు ఎంత పెరుగుతుంది?” అని అడిగినది. ఆర్థికశాస్త్ర గ్రంథములలో ఇంతకంటె సూటియైన ప్రశ్న మాకు కనబడలేదు. దానికి సమాధానము వెదకుటకు ముందు కొన్ని విషయములు తెలిసికొనవలసియున్నది.

ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యము అనగానే చాలమందికి గుర్తు వచ్చునవి 2008 మార్చిలో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయము, 2017 నవంబరులో పరుగు మొదలిడిన మెట్రో రైలు. ప్రభుత్వము భూమిని, చట్టబద్ధమైన అధికారమును, కొంత ప్రజాధనమును సమకూర్చును. ప్రైవేటు సంస్థ పెట్టుబడిని, నైపుణ్యమును తెచ్చును. లాభనష్టములను ఇరువురు ఒడంబడిక ప్రకారము పంచుకొందురు. నష్టమును పంచుకొనుట అనునదే ఇందులో ప్రాణము వంటిది. ప్రభుత్వము కేవలము గ్రాంటు ఇచ్చిన అది సహాయము. వ్యాపారి కేవలము లైసెన్సు తీసికొన్న అది అనుమతి. ఇరువురును నష్టమునకు సిద్ధపడినప్పుడే భాగస్వామ్యము.

మరి గాజుల కారీగరు ఈ ఒడంబడికపై ఎక్కడ సంతకము చేయవలెను? విమానాశ్రయము కట్టు సంస్థకు న్యాయవాదులు, గణకులు ఉందురు. కారీగరునకు ఉన్నది ఉధారు వ్రాసికొను ఒక చిన్న పుస్తకము. చిరు వ్యాపారముల విషయమున భాగస్వామ్యము మాటలలోనే మిగిలిపోవుటకు మూలకారణము ఇదియేనని మా అభిప్రాయము. ఒంటరి వ్యక్తితో ప్రభుత్వము ఒప్పందము చేసికొనదు. సంఘముతో చేసికొనును.

ఈ ఆలోచన మన నగరమునకు కొత్త కాదు. నిజాము ప్రభుత్వము 1929లోనే ఒక కోటి రూపాయల మూలధనముతో పారిశ్రామిక నిధిని ఏర్పరచి, ప్రైవేటు కంపెనీలలో వాటాలు కొని, అప్పులిచ్చి, పరిశ్రమలను నిలబెట్టినది. స్వాతంత్ర్యానంతరము 1962లో చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ ఢిల్లీ నుండి హైదరాబాదునకు తరలివచ్చినది. యూసుఫ్‌గూడలోని నేటి జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ అదియే. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లీలండ్ 1964లో ఈ సంస్థ సహకారముతోనే కాకినాడ వ్యాపారులకు శిక్షణ నిచ్చి, సాధించవలెనను పట్టుదలను మనిషిలో పెంపొందింపవచ్చునా అని పరీక్షించినాడు. ‘కాకినాడ ప్రయోగము’ అను పేరుతో అది నేటికిని వాణిజ్య విద్యార్థుల పాఠ్యాంశము. విదేశములలో సైతము చదువబడు ఈ ప్రయోగమును మన విద్యార్థులు పరీక్షకు ముందురోజు మాత్రమే చదువుట కొంత విచారకరము.

ఇక నేటి స్థితికి వత్తము. 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న నిర్వచనము ప్రకారము యంత్రసామగ్రిపై రెండున్నర కోట్ల రూపాయలకు, సాలుసరి అమ్మకములలో 10 కోట్ల రూపాయలకు మించనిది సూక్ష్మ పరిశ్రమ. ఈ లెక్కన కుంపటి, నాలుగు పనిముట్లు గల కారీగరును, తొమ్మిది కోట్ల అమ్మకములు గల యజమానియు ఒకే గంపలోని వారు. ‘సూక్ష్మ పరిశ్రమలకు ఇన్ని వేల కోట్ల ఋణములు’ అను ప్రకటన చదివినప్పుడు, అందులో కుంపటి వరకు చేరినదెంత అని అడుగుట విద్యార్థులు అలవరచుకొనవలెను.

కుంపటి వరకు తప్పక చేరునది గిరిగిరి వ్యాపారి సొమ్ము. దీని గణితమును ఒక్కసారి చేసి చూతము. చేతికి 9,000 రూపాయలు ఇచ్చి, దినమునకు 100 చొప్పున 100 దినములు వసూలు చేసినాడనుకొందము. తీసికొన్నవాడు, “తొమ్మిది వేలకు వెయ్యి రూపాయలే గదా, నూటికి పదకొండు” అని సరిపెట్టుకొనును. కాని మొదటి దినము నుండియే అసలు తగ్గుచు వచ్చును గనుక, నూరు దినములలో సగటున అతని చేతిలో నుండునది సుమారు 4,500 మాత్రమే. దానిపై నూరు దినములకు వెయ్యి రూపాయలనగా నూటికి ఇరువదిరెండు. సంవత్సరమునకు స్థూలముగా 80 శాతము! అయినను అతని వద్దకే జనులు పోవుదురు. ఎందులకనగా అతడు గడప వద్దకు వచ్చును, కాగితము అడుగడు, ఉర్దూలో మాట్లాడును. వడ్డీ తీసికొనుటయు ఇచ్చుటయు తగదని నమ్ము కుటుంబములు కూడ ఇతనికి లోబడుట మేము చూచియున్నాము. దానిని ‘కిస్తు’ అనుటయే గాని వడ్డీ యని అనరు.

దీనికి ప్రత్యామ్నాయములు లేకపోలేదు. 2000 సంవత్సరమున కేంద్ర ప్రభుత్వమును, చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు అగు సిడ్బియు కలిసి ఋణ హామీ నిధిని నెలకొల్పినవి. మూలధనములో ప్రభుత్వమునకు నాలుగు పాళ్ళు, సిడ్బికి ఒక పాలు. తాకట్టు లేకుండ బ్యాంకు అప్పిచ్చి, అది మొండిబాకీ అయినచో, నష్టములో అధికభాగమును ఈ నిధి భరించును. నష్టమును పంచుకొనుట అని పైన చెప్పినదానికి ఇది చక్కని ఉదాహరణము. వీధి వర్తకులకు 2020 జూనులో స్వనిధి పథకము వచ్చినది. 2025లో దానిని సవరించి తొలి విడత అప్పును 10,000 నుండి 15,000 రూపాయలకు, రెండవ విడతను 20,000 నుండి 25,000 రూపాయలకు పెంచినారు. మూడవ విడత 50,000. సకాలమున చెల్లించిన వారికి వడ్డీలో 7 శాతము రాయితీ కలదు. మొత్తము చిన్నదేయైనను, నూరు దినముల గిరిగిరి చక్రము నుండి ఒక బండివానిని బయటకు లాగుటకు ఇది చాలును.

అప్పు కంటె పెద్ద సమస్య రావలసిన సొమ్ము రాకపోవుట. కారీగరు రంజానుకు ముందు సరుకిచ్చును, దుకాణదారు బక్రీదునకు డబ్బిచ్చును. ఈ విషయమున 2006 నాటి చట్టము చాల గట్టిది. వ్రాతపూర్వక ఒప్పందమున్నచో కొనుగోలుదారు 45 దినములలోపల, లేనిచో 15 దినములలోపల చెల్లింపవలెను. మీరినచో బ్యాంకు రేటునకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇచ్చుకొనవలెను. వివాదమైనచో రాష్ట్ర ప్రభుత్వము నెలకొల్పు ఫెసిలిటేషన్ కౌన్సిలు 90 దినములలో తేల్చవలెనని చట్టము చెప్పుచున్నది. 2024 ఏప్రిల్ నుండి ఆదాయపు పన్ను చట్టము కూడ తోడైనది. సకాలమున చెల్లింపని మొత్తమును కొనుగోలుదారు ఆ సంవత్సరపు ఖర్చుగా చూపుకొనరాదు.

ఇంత మంచి చట్టము లాడ్ బజారు సందులలో ఎందుకు వినబడదు? మొదటి కారణము, చట్టము కోరునది కాగితము, మన వ్యాపారము నడచునది మాటపై. చీటీ లేనిచో సరుకిచ్చిన తేదీ లేదు, తేదీ లేనిచో 45వ దినము ఎన్నడు? రెండవది, నమోదు. 2020 జూలై 1 నుండి ఉద్యమ్ నమోదు విధానము వచ్చినది. జీఎస్టీ లేని అతి చిన్నవారి కొరకు 2023 జనవరిలో ఉద్యమ్ అసిస్ట్ అను సదుపాయము వచ్చినది. రెండును పూర్తిగా ఉచితము. ఉచితమైన దానికి దళారులు సొమ్ము పుచ్చుకొనుట మనము ఎరిగినదే. సరుకు ఇచ్చుటకు ముందే నమోదు చేసికొనుట క్షేమకరము, తరువాత చేసికొన్నచో వివాదమునకు తావిచ్చినట్లగును. మూడవది సున్నితమైనది: చిల్లర, టోకు వర్తకులకు 2021లో ఉద్యమ్ నమోదుకు అవకాశమిచ్చినారు గాని, అది బ్యాంకుల ప్రాధాన్య ఋణముల వరకే. ఆలస్యపు చెల్లింపుల రక్షణ వారికి వర్తింపదు. గాజు చేయువానికి వర్తించును, అమ్మువానికి వర్తింపదు. ఇక నాలుగవది భయము. కోర్టుకు లాగినవానికి మరుసటి పండుగకు ఆర్డరు దొరకదు. ఈ భయమును ఏ చట్టమును తొలగింపలేదు, సంఘబలము మాత్రమే తొలగింపగలదు.

ఇప్పుడు ఆ విద్యార్థిని ప్రశ్నకు వత్తము. నిష్కర్షగా చెప్పవలెనన్న, భౌగోళిక గుర్తింపు వలన ఆమె తల్లికి తనంతట తాను ఒక్క రూపాయియు పెరుగదు. గుర్తింపు ఒక వ్యక్తిది కాదు, ఒక ప్రాంతపు ఉత్పత్తిదారులందరిది. దానిని వాడుకొనదలచిన ప్రతి ఉత్పత్తిదారుడు ‘అధీకృత వినియోగదారు’గా వేరుగా నమోదు కావలెను. డజను లెక్కన కూలి తీసికొను స్త్రీ చట్టము దృష్టిలో ఉత్పత్తిదారు కాదు, సరఫరాదారు అంతకంటె కాదు. పదిమంది స్త్రీలు సంఘముగా ఏర్పడి, సొంతముగా లక్క కొని, సొంత పేరున సరుకు అమ్మిననాడు ఆమె మొదటిసారి బేరమాడు స్థానమునకు వచ్చును. హైదరాబాదీ హలీమునకు 2010లోనే ఈ గుర్తింపు లభించుటకు దాని తయారీదారులు ముందే సంఘముగా ఏర్పడి యుండుట కారణము. గాజుల రాళ్ళు పొదుగు వారికి అట్టి గొంతుక లేదు.

అట్టి సంఘములకు ఉమ్మడి సౌకర్య కేంద్రముల పథకము కలదు. కారీగరులు తాము వాటాదారులుగా ఒక సంస్థను నెలకొల్పి తమ వంతు సొమ్ము పెట్టినచో, వ్యయములో పెద్దభాగమును ప్రభుత్వము గ్రాంటుగా ఇచ్చును. పొగ లేని కొలిమి, గాలి వెలుతురు గల పనిచోటు, నమూనాలు గీయు వసతి, సరుకు భద్రపరచు గది, ఇవి ఒక్కొక్కరికి అందనివి, ఉమ్మడిగా అందునవి. ప్రైవేటు భాగస్వామి ఇచట కేవలము దాత కారాదు. ముందుగా ఆర్డరిచ్చు కొనుగోలుదారు కావలెను. కొనువాడు లేని కేంద్రమునకు ప్రారంభోత్సవమైన మరునాటి నుండి తాళము పడును.

నగరమున ఇట్టి ప్రయత్నములు జరుగలేదని కాదు. 2015 నవంబరులో టీ-హబ్, 2018 మార్చిలో మహిళల కొరకు వీ హబ్, 2023 మార్చిలో నమూనా వస్తువులు తయారుచేసికొను టీ-వర్క్స్ ప్రారంభమైనవి. ప్రభుత్వము, విద్యాసంస్థలు, కంపెనీలు కలిసిన మంచి ఉదాహరణములివి. అయితే రాయదుర్గమునకు, చార్మినారునకు గల దూరము కిలోమీటర్లలో కొలువదగినది కాదు. అచట ఇంగ్లీషులో ఆలోచన గలవానికి స్వాగతము, ఇచట చేతిలో పని గలవానికి దరఖాస్తు వ్రాయు దిక్కు లేదు. వీధి వర్తకుల విషయమున 2014 చట్టము ఈ లోపమును కొంత సరిదిద్దినది. పట్టణ వర్తక కమిటీలో 40 శాతమునకు తక్కువ కాకుండ వర్తకులే ఎన్నుకున్న ప్రతినిధులుండవలెనని, వారిలో మూడవవంతు స్త్రీలు ఉండవలెనని శాసించినది. కాగితముపై ఇంతకంటె చక్కని భాగస్వామ్యము లేదు. ఆ కుర్చీలలో ఎవరు కూర్చుండుచున్నారో అడుగు బాధ్యత మాత్రము మనది.

కళాశాల కమిటీవారికి మేము చేయు ప్రతిపాదన మిక్కిలి చిన్నది. ప్రతి శనివారము మధ్యాహ్నము రెండు గంటలు, గ్రంథాలయపు వరండాలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఇంటర్నెట్ గల ఒక కంప్యూటరు. ఉర్దూ శాఖ విద్యార్థి ఒకరు, తెలుగు శాఖ విద్యార్థి ఒకరు, వాణిజ్య శాఖ నుండి ఒక ఉపన్యాసకుడు. వచ్చినవారి ఆధారు సంఖ్యతో ఉద్యమ్ నమోదు ఉచితముగా చేసిపెట్టుట, ఉర్దూ, తెలుగు రెండు లిపులలోను ఒక చీటీ పుస్తకము అచ్చువేయించి ఇచ్చుట. చీటీలో ఉండవలసినవి ఐదే: తేదీ, సరుకు, డజనుల సంఖ్య, ధర, పుచ్చుకొన్నవారి సంతకము. అచ్చు ఖర్చు ఈ వార్షిక సంచికలో నాలుగు పుటల ఖర్చునకు మించదని మాకు అచ్చుకూటమువారు చెప్పినారు. కమిటీవారు అనుమతించినచో రంజాను సరుకు బయటకు పోవుటకు ముందే మొదటి వంద పుస్తకములు సిద్ధము చేయగలము.