హెడ్మాస్టరుకు చెప్పేశాను అనుకోకు

చిరంజీవి అమ్ములుకు,

ఈ పూటే పోలీసు స్టేషనుకు వెళ్లమని పొద్దున ఫోనులో చెప్పాను. ఎందుకో, ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. వెళ్లేలోపు ఒకసారి చదువుకో.

నీ తరగతి పాప బాబాయి పేరు చెప్పి ఏడ్చిందన్నావు. రుజువు లేకుండా ఒక మనిషి మీద ఎలా చెప్పగలనని అడిగావు. రుజువు నీ దగ్గర ఉండక్కర్లేదమ్మా. 18 ఏళ్ల లోపు బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. టీచరైనా, పక్కింటివాళ్లైనా ఒకటే. తెలిసీ చెప్పకపోతే 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మంచి మనసుతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు.

2003లో నా తరగతిలోనూ ఒక పిల్ల ఇలాగే చెప్పుకుంది. హెడ్మాస్టరు గారి చెవిన వేసి నా బాధ్యత తీరిందనుకున్నాను. ఆయన తండ్రిని పిలిపించారు. ఊళ్లో పెద్దమనుషులు కూర్చున్నారు. దసరా సెలవులయ్యాక ఆ పిల్ల బడికి రాలేదు. అమ్మమ్మగారి ఊరు పంపేశామన్నారు. అప్పటికి ఈ చట్టం లేదు. పోలీసు స్టేషను మాత్రం ఉంది, బడికి 3 కిలోమీటర్ల దూరంలో.

అందుకే, మీ హెడ్మాస్టరుకు చెప్పు, వెంట రమ్మను. రాకపోతే నువ్వే వెళ్లు. స్టేషనులో నీ మాట రాసుకుని, నంబరు వేసి, నీకు చదివి వినిపించాలి. ఆ నంబరు అడిగి తీసుకో. 24 గంటల్లోగా వాళ్లు బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. పాపను స్టేషనుకు తిప్పుతారని భయపడకు. వాంగ్మూలం ఇంట్లోనో, తను కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంత వరకు మహిళా ఎస్సైగానీ అంతకు పై అధికారిగానీ రావాలి, యూనిఫాం లేకుండా. బాబాయి ఉండే ఇంట్లో మాత్రం వద్దని నువ్వే గట్టిగా చెప్పు.

పాపను మళ్లీ మళ్లీ అడగకు. తను అన్నది అన్నట్టే తేదీ వేసి రాసిపెట్టు. ఎవరికీ చెప్పనని తనకు మాట ఇవ్వకు. సాయం చేసేవాళ్లకే చెబుతానను. స్టాఫ్ రూములో తన పేరు నీ నోట రాకూడదు.

తల్లి వచ్చి కాళ్లు పట్టుకోవచ్చు. పరువు పోతుందనీ, రేపు పిల్లకు పెళ్లి కాదనీ ఏడవవచ్చు. ఆమెను కసురుకోకు. ఆ ఇల్లు గడిచేది ఆ మరిది సంపాదన మీదేనేమో. అయినా మెత్తబడకు. పెద్దమనుషుల రాజీతో ఈ కేసు మాసిపోదు.

తండ్రి అట్లకాడతో వాత పెట్టిన పిల్లవాడి సంగతి కూడా రాశావు. అది పోక్సో కిందకు రాదు. అయినా నేరమే. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ దాన్ని శిక్షిస్తుంది. 1098కి ఫోను చెయ్యి, రేపటిదాకా ఆగకు.

స్టేషను నుంచి రాగానే అక్కడ వేసిన నంబరు నాకు చెప్పు. ఎంత రాత్రైనా మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ